సన్మాన పత్రంలో మూడో పేరా

“ఆ చేతుల మీదుగా వందలాది పసిపాపలు లోకాన్ని చూశారు. ఆ చేతుల్లో ఒక్క తల్లి కూడా కన్ను మూయలేదు.”

వ్యాఖ్యాత ఈ రెండు వాక్యాలూ చదవగానే హాలంతా చప్పట్లు. వేదిక మీద పూలదండ బరువుకి కాస్త ముందుకి వంగి కూర్చున్న నర్సమ్మ గారు మాత్రం చప్పున తల ఎత్తారు. చదివే మనిషి వైపు చూడలేదు. జనంలోకి, ఎడమ వైపు మూడో వరుసలోకి చూశారు. అక్కడ ఎవరినో వెతికారు. దొరికాక ఆ చూపు అక్కడే ఆగిపోయింది. తరవాత భుజాల మీది శాలువా తీసి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

సన్మానం మధ్యలో శాలువా తీసేసిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఉక్కపోతకి తీశారని పక్కవాళ్ళు అనుకుని ఉంటారు. నాకు మాత్రం ఎందుకు తీశారో తెలుసు. ఎందుకంటే ఆ వాక్యం రాసింది నేను. మూడో వరుసలో ఎవరు కూర్చున్నారో తెలిసింది కూడా, వేదిక దగ్గరున్నవాళ్ళలో ఆవిడ తరవాత నాకొక్కదానికే.

పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయవలసింది ముప్పై ఏళ్ళు చేసి దిగిన పెద్దలు. నాది నాలుగేళ్ళ ఉద్యోగం. వీడ్కోలు సభ లేదు, ఎవరూ దండ వెయ్యలేదు. నేను మానేసిన కుర్చీలో ఇప్పుడు నాకంటే చిన్నమ్మాయి కూర్చుంటోందని విన్నాను. పత్రాలు ఫోనే తయారు చేసి పెడుతోందట. పేరు, ఊరు, ఉద్యోగం కొడితే చాలు, విశేషణాలు వాటంతటవే వచ్చి పడతాయట. ఆ అమ్మాయి చదువుతుందేమోనని ఆశ.

తెనాలిలో మాదొక చిన్న సేవా సంస్థ. మన చుట్టుపక్కల ఊళ్ళలో జీవితమంతా ఒకే పని శ్రద్ధగా చేసి, ఎవరి కంటా పడకుండా రిటైరైన వాళ్ళని ఏటా ముగ్గురిని వెతికి, పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి సన్మానం చెయ్యడం దాని పని. ఎమ్మే తెలుగు చదివానని నన్ను తీసుకున్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వివరాలు రాసుకురావడం, సన్మాన పత్రం రాసి అచ్చు వేయించి ఫ్రేము కట్టించడం నా వంతు. శాలువాలు, కుర్చీలు, మైకు కార్యదర్శి గారు చూసుకునేవారు.

నాకు ముందు ఆ పత్రాలు చాలా ఏళ్ళు ఒక తెలుగు మాస్టారు రాశారు. చూపు ఆనక మానేశారు. పని అప్పగించేటప్పుడు ఆయన నాకు ఇచ్చినవి ఒక పాత పత్రాల కట్ట, ఒక మాట.

“విశేషణం పెడితే పెట్టమ్మా, అబద్ధం పెట్టమాక. రెంటికీ మధ్య గీత సన్నంగా ఉంటుంది. రాసేటప్పుడు నీకు కనపడదు. అచ్చుకి పంపేముందు వాళ్ళింటికి పోయి చదివి వినిపించు. వాళ్ళ మొహంలో కనపడుద్ది.”

ఆయన ఎండైనా వానైనా అలాగే వెళ్ళేవారట. నేనూ వెళ్ళేదాన్ని. నర్సమ్మ గారి సన్మానం జరిగిన ఏడే బాపట్లలో ఒక డ్రిల్లు మాస్టారి ఇంట్లో కూర్చుని ఆయన పత్రం చదువుతున్నాను. రిటైరై పదేళ్ళయినా మనిషి కర్రలా నిటారుగా కూర్చుని వింటున్నారు. “అజాతశత్రువు” అన్న మాట రాగానే వంటింట్లోంచి ఆయన భార్య తొంగి చూశారు.

“ఎవరమ్మా, ఈయనా? పక్కింటోళ్ళని పిలవమంటావా ఒకసారి?”

“నువ్వు లోపలికి పో,” అన్నారాయన.

“పోతాలెండి. ఆ గోడ గొడవ తేలేదాకా ఆ మాట తీసెయ్యమ్మా. రేపు సభకి వాళ్ళు కూడా వస్తారు, నవ్విపోతారు.”

తీసేశాను. దాని బదులు “క్రమశిక్షణకు మారుపేరు” అని రాశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ, “అది మాత్రం నిజమేలే. అన్నం కూడా విజిలేసి పెట్టమంటాడు,” అన్నారు. ఇంత తేలిక ఆ పని. అరగంట కూర్చుని చదవడమే.

నర్సమ్మ గారి దగ్గర ఆ అరగంట కూర్చోలేదు నేను.

ఆవిడది రేపల్లె. రిటైరయ్యే ముందు ముప్పై ఏళ్ళకు పైగా రేపల్లెకి అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న లంక ఊళ్ళలో కాన్పులు చేసే నర్సుగా పనిచేశారు. రోడ్డు లేని రోజుల్లో బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. తెనాలి నించి పాసింజరులో వెళ్ళి ఆవిడ ఇల్లు పట్టుకున్న రోజు ఆవిడ వసారాలో పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. నేను అడిగినవాటికి జవాబులు చెబుతూనే ఉన్నారు, చేతులు ఆగలేదు. ఏ ఇంట్లో కవలలు పుట్టారో, ఎవరి కాన్పుకి పడవ మధ్యలోనే పని అయిపోయిందో, ఏ పెద్దమనిషి మగపిల్లాడు కాదని అలిగి పొలానికి పోతే ఈవిడ వెళ్ళి గట్టు మీద నిలబడి తిట్టి తీసుకొచ్చారో, అన్నీ చెప్పారు. నేను నవ్వుతూ రాసుకున్నాను.

“ఇవన్నీ సరే అమ్మాయ్. ఒకామె పోయింది నా చేతిలో. అది కూడా విను,” అన్నారు.

చేతులు అప్పుడు ఆగాయి.

తొలికాన్పు. పాప పుట్టింది, బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. పెద్దాసుపత్రికి పంపాలని ఆవిడకి తోచింది. కానీ బయట వాన. ఎడ్లబండి మీద తడుస్తూ పంపడం ఎందుకు, కాస్త తగ్గనిద్దామని ఒక గంట ఆగారు. ఆ గంటే మించిపోయింది.

“ఎవరూ నన్నేమీ అనలేదు. వాన కదా అన్నారు. నాకు తెలుసుగా,” అన్నారు. “ఆ పిల్ల పెద్దదయ్యి నా దగ్గరకొచ్చి మా అమ్మ ఎట్టా పోయిందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పా. గంట ముందు పంపాల్సిందే తల్లీ, నాదే తప్పు అని చెప్పా. కొడుతుందేమో అనుకున్నా. కూర్చుని ఏడ్చింది. ఆ యేటి నించి దాని పుట్టినరోజుకి మా ఇంటికే వస్తది. అదే రోజు వాళ్ళమ్మ తద్దినం గదా, వాళ్ళింట్లో ఎవరూ పండగ చెయ్యరు దానికి. ఇక్కడ భోంచేసి పోద్ది. పెద్దమ్మా అంటది నన్ను.”

నేను అప్పటికే పెన్నుకి మూత పెట్టేశాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నవాడు పుట్టినప్పుడు నాకూ అలాగే అయింది. తెనాలిలో ఆపలేక గుంటూరు పంపారు. అంబులెన్సులో డ్రైవరు “దాటేశామమ్మా, సగం దాటేశాం” అంటూనే ఉన్నాడు. బతికి ఇంటికొచ్చాను, కానీ ఆ భయం నాతోనే వచ్చింది. పిల్లలు దగ్గితే లేచి కూర్చుంటాను. అంబులెన్సు కూత వినిపిస్తే ఇంట్లో ఉన్నవాళ్ళని లెక్కపెట్టుకుంటాను. నర్సమ్మ గారు రక్తం మాట ఎత్తేసరికి నాకు చెవులు మూసుకుపోయాయి.

“అమ్మా, శుభమా అని సన్మానం. ఇవన్నీ పత్రంలో ఎందుకులెండి,” అన్నాను.

“రాయమని కాదమ్మాయ్. తెలుసుకోమని చెబుతున్నా,” అన్నారు. మళ్ళీ రొయ్యల మీదికి వంగి, “ఆ పిల్ల కూడా సభకి వస్తానంది. కాస్త ముందు కూర్చోబెట్టు దాన్ని,” అన్నారు.

తిరుగు రైల్లోనే పత్రం మొదలుపెట్టాను. మొదటి పేరాలో పుట్టుక, రెండో పేరాలో చదువు, ఉద్యోగం, మూడో పేరాలో సేవ, నాలుగో పేరాలో ఆయురారోగ్యాలు. ఇదీ వరస. మూడో పేరాకి వచ్చేసరికి ఆ వాక్యం దానంతటదే వచ్చింది. ‘ఒక్క తల్లి కూడా.’ ఆ పిల్ల నాకు గుర్తు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. ఇన్ని పొగడ్తల మధ్య ఒక్క వాక్యం ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఒక్క తల్లి కూడా పోని ఊరు ఎక్కడో ఒకచోట ఉండాలని నాకు ఉండేది. కనీసం కాయితం మీదైనా. అది నర్సమ్మ గారి కోసం రాసిన వాక్యం కాదు. నా కోసం రాసుకున్నది.

చదివి వినిపించడానికి రేపల్లె వెళ్ళవలసిన రోజున చిన్నవాడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. మర్నాటికి తగ్గింది. ఫోన్ చేసి చదవచ్చు. చెయ్యలేదు. “సభలోనే వినండమ్మా, అప్పుడు బాగుంటుంది” అని సందేశం పెట్టాను. ఆవిడ నమస్కారం బొమ్మ పంపారు.

సభ రోజు లంక ఊళ్ళ నించి ఒక వ్యానులో పదిహేను మంది దాకా వచ్చారు. అందరూ ఆవిడ చేతిలో పుట్టినవాళ్ళో, ఆవిడ చేత కాన్పు చేయించుకున్నవాళ్ళో. ఆ పిల్ల అని నర్సమ్మ గారు అన్న మనిషికి ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఇంటి దగ్గరే మిషను కుడుతుందట. కొత్త చీర కట్టుకుంది. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మూడో వరుసలో కూర్చోబెట్టాను. ముందు రెండు వరుసలూ అతిథులకి.

“ఇక్కడ నించి పెద్దమ్మ బాగా కనపడుద్దాండీ?” అని అడిగింది.

“బాగా కనపడతారండి,” అన్నాను.

ఇక ఆ వాక్యం చదివాక ఏం జరిగిందో చెబుతాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆ అమ్మాయి లేచింది. పక్కవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. వేదిక మీద నర్సమ్మ గారు మైకు కోసం చెయ్యి చాపారు. కార్యదర్శి గారు చిరునవ్వుతో ఆ చేతికి నమస్కారం పెట్టి, “మీ స్పందన చివర్లోనండి,” అన్నారు. ఆవిడ ఇంక ఆయన్ని అడగలేదు. శాలువా కుర్చీలో పెట్టి, దండ తీసి దాని మీద వేసి, పక్క మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయారు.

“బాత్రూంకేమో,” అన్నారు ఎవరో.

నేను వెనకే వెళ్ళాను. హాలు బయట, సైకిలు స్టాండు దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు.

“నువ్వే చెప్పావా పెద్దమ్మా వాళ్ళకి అట్టా?”

“నేను చెప్పలేదే తల్లీ.”

“మరి వాళ్ళకెవరు చెబుతారు? ఇంటికొచ్చి అన్నీ అడిగి రాసుకుపోయారని నువ్వే అన్నావుగా.”

“అన్నీ చెప్పా. మీ అమ్మ సంగతి కూడా చెప్పా.”

“చెబితే అట్టా ఎందుకు రాస్తారు? ఇన్నేళ్ళూ నీ ఇంటికి ఎందుకొచ్చాననుకున్నావు? అన్నం లేకనా? అందరూ వాన మీద తోసేశారు. నువ్వొక్కదానివి నాది తప్పు అన్నావు. ఆ మాటకొచ్చా. ఇవాళ ఇంతమందిలో మా అమ్మ అసలు లేనేలేదు అనిపించావు.”

నర్సమ్మ గారు నా వైపు చూశారు. నేను మాట్లాడడానికి చోటిచ్చారు. ‘ఇది నేను రాశానండి, ఆవిడకి తెలియదు.’ అంతే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

“అది అచ్చులో పొరపాటండి. డీటీపీ వాళ్ళు పాత పత్రంలోది తెచ్చి ఇందులో పెట్టేసినట్టున్నారు.”

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

“అచ్చులో అక్షరం పోద్దండి. మనిషి ఎట్టా పోద్ది?”

ఇంతలో కార్యదర్శి గారు పరుగున వచ్చారు. “అమ్మా, రండి రండి, ముఖ్య అతిథి గారు వెళ్ళిపోవాలంట, ఫొటో ఒకటి ఉంది.”

“వస్తున్నా,” అన్నారు నర్సమ్మ గారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. “నువ్వుండు. నేను పైకెక్కి చెబుతా. విను.”

“నాకు వినాలని లేదు పెద్దమ్మా.”

చెయ్యి విడిపించుకుంది. రోడ్డు మీదకి వెళ్ళి ఆటో ఆపింది. వ్యాను కోసం కూడా ఆగలేదు.

నర్సమ్మ గారు మళ్ళీ వేదిక ఎక్కారు. ఫొటోకి నిలబడ్డారు. తన వంతు వచ్చాక మైకు దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా మాట్లాడారు.

“ఈ కాయితంలో ఒక మాట తప్పుంది. రాసినవాళ్ళు నా మీద ప్రేమతోనే రాసుంటారు. నా చేతిలో ఒక తల్లి పోయింది.” ఆమె పేరు చెప్పారు. ఇంటిపేరు చెప్పారు, ఊరు చెప్పారు. “వాన తగ్గనిమ్మని గంటసేపు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. ఆమె కూతురు ఇందాక ఆ మూడో వరసలో కూర్చుంది. ఇప్పుడు లేదు. ఇక్కడున్నోళ్ళలో ఎవరైనా దానికి చెప్పండి, నేను ఈ మాట అందరి ముందూ అన్నానని. అంతేనండి.”

నాకు లేచి నిలబడాలనిపించింది. వ్యాఖ్యాత నాకంటే ముందే మైకు అందుకున్నాడు. “చూశారా అండీ! ఇదండీ వినయం అంటే! ఇంతటి నిరాడంబరతకి మరొక్కసారి మీ కరతాళ ధ్వనులు!” మళ్ళీ చప్పట్లు మోగాయి. ఆవిడ తల వంచుకుని కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. తప్పు ఒప్పుకున్నా పొగడ్త కిందే జమ చేసే చోట ఇంక ఎవరైనా ఏం చెప్పగలరు?

అందరూ వెళ్ళేటప్పుడు ఆవిడ నా దగ్గర ఆగారు. క్షమించమని అడగాలని మాటలు కూర్చుకుంటున్నాను.

“అచ్చులో పొరపాటా అమ్మాయ్?” అన్నారు.

ఆ మాట అని వ్యాను ఎక్కారు. ఫ్రేము కట్టిన పత్రం వేదిక మీదే ఉండిపోయింది. కార్యదర్శి గారు దాన్ని చంకలో పెట్టుకుని, “ఎందుకమ్మా మొహం అట్టా పెట్టావు? సన్మానమన్నాక ఒక మాట అటూ ఇటూ ఉంటుంది. మనం రాసేది పత్రిక్కాదు గదా,” అన్నారు. మంచి మనిషి ఆయన. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారు.

ఆ తరవాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు నేను ఆ అమ్మాయి ఉండే లంక ఊరు వెళ్ళాను. ఆ అమ్మాయి మిషను ఆపి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పినదంతా వింది. “సరేనండి,” అంది. తిట్టి ఉంటే బాగుండేది. అక్కడి నించి రేపల్లెలో నర్సమ్మ గారింటికి వెళ్ళి అదే మాట చెప్పాను. “నిన్న ఆ పిల్ల ముందు అనాల్సింది అమ్మాయ్. ఒక్క నిమిషం పని,” అన్నారు. ఆవిడకి ఆలస్యం సంగతి నాకంటే బాగా తెలుసు.

ఆ ఏడు పుట్టినరోజుకి ఆ అమ్మాయి రాలేదట. మరుసటి ఏడు వచ్చిందట, గుమ్మంలో నిలబడి మాట్లాడి, భోజనం చెయ్యకుండా వెళ్ళిందట. ఈ రెండు మాటలూ నర్సమ్మ గారే ఫోనులో చెప్పారు. చెప్పి, మా చిన్నవాడు ఎలా ఉన్నాడని అడిగారు. ఆ తరవాత ఫోన్ చేసే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు ఎలా ఉన్నారో ఇద్దరూ.

నేను ఉద్యోగం మానేసింది పిల్లల కోసమని అందరికీ చెప్పాను. అందులో సగం నిజం. ఆ తరవాత రాసిన ఏ పత్రంలోనూ మూడో పేరా నాకు కుదరలేదు. ప్రతి వాక్యం దగ్గరా ఎవరో మూడో వరుసలోంచి లేస్తున్నట్టుండేది.

నా కుర్చీలో కూర్చున్న అమ్మాయికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎంత పెద్ద పొగడ్త రాసినా, ఆ పొగడ్త కింద ఎవరు పడతారో చూసుకో. ఫోను ఆ పని చెయ్యదు. రేపల్లె పాసింజరు ఎక్కి నువ్వే వెళ్ళాలి.

ఇక సభ మర్నాడు పొద్దున, ఆ ఊరు బయల్దేరే ముందు సంగతి. పిల్లలకి ఇడ్లీ పెడుతున్నాను. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. సభలో నర్సమ్మ గారికి ఎంతమంది చప్పట్లు కొట్టారని అడిగింది. చాలామంది అన్నాను. జడ వేస్తూ, ఇవాళ బడికి నాన్న దింపుతాడని చెప్పాను.

“నువ్వెక్కడికి?”

“ఒక ఆంటీ వాళ్ళింటికి. వాళ్ళమ్మ ఆవిడ పుట్టినప్పుడే చనిపోయింది.”

జడ నా చేతిలో ఉండగానే వెనక్కి తిరిగింది. “అమ్మలు చచ్చిపోరన్నావుగా?”

అన్నాను. చిన్నవాడు పుట్టి నేను గుంటూరు నించి వచ్చిన దగ్గర్నించీ కూతురు అడిగినప్పుడల్లా అదే చెబుతూ వచ్చాను. వాడు ఇడ్లీ నోట్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఇద్దరినీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

“అది తప్పు చెప్పానమ్మా. ఎప్పుడో ఒక్కోసారి చనిపోతారు. ఆ ఆంటీ వాళ్ళమ్మ చనిపోయింది,” అని, నర్సమ్మ గారు మైకులో చెప్పిన పేరు వాళ్ళకి చెప్పాను. “ఆవిడ లేనట్టు నేను కాయితంలో రాశాను. ఆ ఆంటీ అడిగితే నేను కాదు, అచ్చువాళ్ళు అన్నాను. రాసింది నేనే అని చెప్పడానికి వెళ్తున్నా. మీరు బడి నించి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను.”